గేదెల మందు గుర్రం మీద పోయకండి

పాఠకుడి ఉత్తరం:

డాక్టరు గారికి నమస్కారం. మాది కైకలూరు దగ్గర ఒక పల్లె. పెళ్ళి ఊరేగింపులకు తిప్పుకునే గుర్రాలు రెండున్నాయి. ఒకటి తెల్లది, ఆడగుర్రం, తొమ్మిదేళ్ళుంటాయి. రెండోది నాలుగేళ్ళ మగది, ముదురు గోధుమ రంగు, ఇంకా మచ్చిక చేస్తున్నాం. వాటి పాక గేదెల కొట్టం పక్కనే ఉంది. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచీ ఈగలు పీక్కుతింటున్నాయి. పగలంతా కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నాయి. తెల్లదాని కళ్ళ వెంట నీరు కారుతోంది. మొన్న ఊరేగింపులో అది ఒక్కసారి కాలు విదిలించేసరికి పెళ్ళికొడుకు జారిపోబోయాడు. పరువు పోయినంత పనైంది. గేదెల పిడుదులకు కొన్న మందు అర సీసా మిగిలుంది. అదే నీళ్ళలో కలిపి గుర్రాలకూ పోయమంటున్నారు. పోయవచ్చా? సాయంత్రం పాకలో వేపాకు పొగ వేస్తున్నాం, చెవుల్లో బొచ్చు కత్తిరించాం, దాణాలో వెల్లుల్లి దంచి కలుపుతున్నాం. ఇంకో సందేహం. పెద్ద ఈగలు తెల్లదాన్ని వదిలేసి రంగుదాని మీదే ఎక్కువ వాలుతున్నాయి, ఎందుకని? జీబ్రా లాగా చారలు వేస్తే ఈగలు రావని మా అబ్బాయి ఫోన్లో చూసి చెబుతున్నాడు. నవ్వకుండా జవాబివ్వండి.

సమాధానం:

నవ్వనండి. మీ అబ్బాయి మాటలో చాలా నిజం ఉంది, చివర్లో దాని దగ్గరికే వస్తాను. ముందు ఆ సీసా సంగతి.

దాని మీద సన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. పల్లెల్లో పిడుదుల కోసం ఎక్కువగా అమ్ముడుపోయే మందుల్లో అమిట్రాజ్ ఒకటి. ఆ పేరే ఉంటే సీసాను గుర్రాల పాక ఛాయలకు కూడా తేవద్దు. గేదెకు అది మంచి మందే. గుర్రానికి మాత్రం పేగుల కదలికను ఆపేస్తుంది. మందు పడిన ఒకటి రెండు రోజుల్లో గుర్రం తల వాల్చుకుని మత్తుగా నిలబడుతుంది, మేత ముట్టదు, లద్దె పడదు. ఆ తర్వాత శూల మొదలవుతుంది. గుర్రానికి వాంతి చేసుకునే ఏర్పాటు దేవుడు పెట్టలేదు కాబట్టి కడుపులో ఏది బిగుసుకున్నా ప్రాణం మీదికి వస్తుంది. నీళ్ళలో కలిపితే పాలలా తెల్లగా అవుతుంది కదా, అలా పోల్చుకోవచ్చు అనుకోకండి. పిడుదుల మందుల్లో పాలలా మారేవి ఇంకా ఉన్నాయి. పేరు చదవాల్సిందే. లేబుల్ చిరిగిపోయి ఉంటే అది ఏ మందో ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఈ ఉత్తరం రాశాక ఎవరైనా తొందరపడి పోసేసి ఉంటే, సబ్బు నీళ్ళతో ఒళ్ళంతా రుద్ది కడిగి, సీసా చేతిలో పట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తండి. సీసా తీసుకెళ్ళడం మరిచిపోవద్దు.

డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, పర్మెత్రిన్ అని రాసి ఉంటే అవి వేరే కుటుంబం. చామంతి జాతి పువ్వులో సహజంగా ఉండే విషాన్ని చూసి మనుషులు తయారు చేసుకున్న మందులివి. వీటిని గుర్రం మామూలుగా తట్టుకుంటుంది. అయినా గేదెకు కలిపిన పాళ్ళే గుర్రానికీ అనుకోవద్దు. గుర్రం చర్మం గేదె చర్మం కంటే బాగా పల్చన, మంట త్వరగా పుడుతుంది. ఎన్ని నీళ్ళకు ఎంత అన్నది మీ పశువైద్యుడి దగ్గర అడిగి రాయించుకోండి. బకెట్లతో కుమ్మరించకుండా గుడ్డ తడిపి తుడవండి. ముఖం మీద, కళ్ళ దగ్గర, తొడల మధ్య తుడవకండి. మీది కైకలూరు అన్నారు కాబట్టి ఇంకో మాట. ఈ మందులు చేపలకూ రొయ్యలకూ చుక్క చాలు. తుడిచిన గుర్రాన్ని తీసుకెళ్ళి చెరువు గట్టు మీద, బోదె కాలువలో కడిగారంటే పక్కవాడి చెరువు తేలిపోతుంది, ఆ తగువు ఈగలతో పోయేది కాదు. అదే పాకలో పిల్లి ఉంటే పర్మెత్రిన్ దానికీ విషమే.

మందు సంగతి ఇక్కడితో వదిలేస్తాను. ఎందుకంటే మీ బాధ మందుతో తీరేది కాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. ఈగల కోసం వచ్చిన ప్రతివాడూ గుర్రాన్ని తీసుకొచ్చి చూపించేవాడు, పాకను చూపించినవాడు ఒక్కడూ లేడు. ఈగ గుర్రం మీద ఉండేది కాసేపే, మిగతా బతుకంతా బయటే. దాని పుట్టిల్లు ఎక్కడో పట్టుకోవాలి.

మీరు రాసిన దాంట్లో నాకు బాగా పనికొచ్చిన ముక్క “కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నాయి” అన్నది. ఇంట్లో అన్నం మీద వాలే ఈగ అయితే గుర్రం కాళ్ళు కొట్టుకోదు, తల ఆడిస్తుంది, కళ్ళు మూస్తుంది. కాళ్ళు కొట్టుకుంటోందంటే కుట్టే ఈగ ఉన్నట్టు. చూడ్డానికి అచ్చం ఇంటి ఈగలాగే ఉంటుంది. దగ్గరగా చూస్తే మూతి ముందు సూదిలా పొడుచుకొచ్చిన ముల్లు కనిపిస్తుంది. మోకాలి కింద, గిట్టల పైన వాలి రక్తం తాగుతుంది. ఇందులో ఆడదీ మగదీ రెండూ కుడతాయి. తాగడానికి రెండు మూడు నిమిషాలు, ఆ తర్వాత ఎండ పడే గోడ మీదో గుంజ మీదో కూర్చుని అరిగించుకుంటుంది. మధ్యాహ్నం మీ పాక గుంజలు చూడండి, తల పైకి పెట్టుకుని బారులు తీరి ఉంటాయి. అంటే గుర్రం ఒంటి మీద పది కనిపిస్తే గుంజల మీద ఇంకా ఎన్నో ఉన్నాయని లెక్క. అందుకే ఆ గుంజలకు జిగురు కాగితాలు చుట్టడం గుర్రానికి మందు రాయడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. అయితే గుర్రం తోక, జూలు తగలని ఎత్తులో చుట్టండి. ఒకాయన కింద చుట్టాడు. తోకకు అంటుకున్న జిగురు వదిలించడానికి మాకు అర పూట పట్టింది.

ఇది పుట్టేది ఎక్కడ? తడిసి కుళ్ళిన వరిగడ్డిలో. గుర్రం కిందపడేసిన గడ్డి, దాని మూత్రం, గేదెల కుడితి తొట్టి నుంచి ఒలికిన నీళ్ళు, ఈ మూడూ కలిసి గాడి కింద ఒక మెత్తటి పరుపులా తయారవుతాయి. అదే దాని పురిటిల్లు. గుడ్డు నుంచి ఈగ కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇంటి ఈగకైతే మన ఎండల్లో వారం పది రోజులు చాలు, తాజా లద్దె ఉంటే దానికి ఇంకేం అక్కర్లేదు. ఒక్కో దఫా వందకు పైగా గుడ్లు పెడుతుంది. మీ రెండు గుర్రాలూ కలిసి రోజుకు 30 కిలోల దాకా లద్దె వేస్తాయి. రెండు పూటలా ఎత్తాల్సిందే, ఒక్క ఆదివారం కూడా సెలవు లేదు. ఎత్తి పాక వెనకే పోస్తే ఎత్తనట్టే. దూరంగా ఒకచోట కుప్ప చేసి, నల్ల పాలిథిన్ పట్టా కప్పి, అంచుల మీద మట్టి పోయండి. లోపల 50 డిగ్రీలు దాటే వేడి పుడుతుంది, పురుగులు ఉడికిపోతాయి, మీకు ఎరువూ తయారవుతుంది. పట్టా కొనడం ఇష్టం లేకపోతే ఎండలో రెండు వేళ్ళ మందాన పరిచేయండి. మే నెల ఎండకు చాలా త్వరగా గలగలమని ఎండిపోతుంది, ఎండిన దాంట్లో ఈగ పిల్ల బతకదు. కాకపోతే గుర్రాలు మేసే చోట పరచకండి, లద్దెలో ఏలికపాముల గుడ్లుంటాయి.

గేదెల పేడ సంగతి కూడా మీ చేతుల్లోనే ఉంది. పిడకలు కొట్టే ఇంట్లో ఈగలు తక్కువ, పెంటకుప్ప పెంచే ఇంట్లో ఎక్కువ. కారణం ఒక్కటే, తడి.

పాక నేల ఒక పక్కకు వాలుగా ఉండేట్టు మట్టి కొట్టి, మూత్రం నిలిచే గుంటలు పూడ్చండి. వారానికి ఒకసారి గాడి కింద గడ్డంతా గీకి తీసేసి, చల్లార్చిన సున్నం పలచగా చల్లి, ఆరాక గుర్రాలను కట్టండి. గుగ్గిళ్ళు తిన్నాక గంప అడుగున మిగిలినవి అలాగే వదిలేయకండి. ఉడికిన ఉలవల వాసనకు ఊళ్ళో ఈగలన్నీ వస్తాయి. బెల్లం నీళ్ళ సీసా వేలాడదీస్తే ఇంటి ఈగలు పడతాయి, అదీ పాకకు దూరంగా కడితేనే. దగ్గర కడితే లేనివాటిని పిలిచినట్టు. రక్తం తాగే ఈగను మాత్రం ఆ సీసాతో పట్టలేరు.

ఇంక జోరీగ. చెవిలో జోరీగ అన్న మాట మనకు ఊరికే రాలేదు. ఇందులో కుట్టేది ఆడదే, మగది పూల తేనె తాగి బతుకుతుంది. ఇది సూదితో పొడవదు, కత్తెరలా కోసి కారిన రక్తం నాకుతుంది, అందుకే అంత మంట. కాలవ గట్ల బురదలో, చెరువుల అంచున పుడుతుంది కాబట్టి మీ ఊళ్ళో దాని పుట్టుకను ఆపడం ఎవరి వల్లా కాదు. కానీ దానికో బలహీనత ఉంది. ఎండ బాగా కాసే వేళల్లోనే తిరుగుతుంది, చీకటి పాకలోకి రావడానికి ఇష్టపడదు. మీరు పదింటి నుంచి నాలుగింటి దాకా గుర్రాలను చెరువు గట్టు చెట్టు కింద కడుతున్నారేమో చూసుకోండి. ఆ వేళ నీడ కోసం కట్టినా అది జోరీగలకు విందు. పాకకు తాటాకు దడి కట్టి, గాలి ఆడేట్టు పైన వదిలి, లోపల చీకటిగా ఉంచితే సగం బాధ పోతుంది.

సాయంత్రం ఆరు దాటాక వేరే సైన్యం దిగుతుంది. దోమలు సరే, వాటితో పాటు ఆవగింజంత సన్న దోమలు కూడా. జూలు మొదట్లో, తోక మొదట్లో, పొట్ట మధ్య గీత వెంబడి కుడతాయి. వీటి లాలాజలం కొన్ని గుర్రాలకు పడదు. జూలూ తోకా గుంజకేసి రుద్దుకుని రుద్దుకుని బోడిగా చేసుకుంటాయి. మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా ఇవి దూరిపోతాయి. వీటికి విరుగుడు ఫ్యాను. గంటకు పది కిలోమీటర్ల పాటి గాలి తగిలినా ఈ పురుగు ఎగరలేదు. పాత టేబుల్ ఫ్యానైనా చాలు. సంధ్య నుంచి పొద్దుపోయే దాకా, మళ్ళీ తెల్లవారుజామున తిప్పండి. వైరు మాత్రం గొట్టంలోంచి పైకప్పు మీదుగా లాగండి, గుర్రానికి వైరు నమలడం సరదా.

పొగ సంగతి. గేదెలకు వేసే వేపాకు పొగ గుర్రాలకు అలవాటుగా వేసేస్తాం. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కొక్కటే దారి. మూసిన పాకలో రోజూ గంట పొగ పెడితే దోమ కంటే ముందు గుర్రం ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వేయాలనుకుంటే బయట, గాలి వాలుకు దూరంగా, అరగంట చాలు. తాటాకు, వరిగడ్డి ఉన్నచోట నిప్పుతో ఆటలు మీకు చెప్పనక్కర్లేదు. ఫ్యాను తెచ్చాక పొగ మానేయండి.

చెవుల బొచ్చు కత్తిరించడం ఇక వద్దు. అది గుర్రం చెవికి తలుపు. ఊరేగింపుకు అందంగా కనబడాలని కత్తిరిస్తారని తెలుసు. బయటికి పొడుచుకొచ్చిన అంచులు సరిచేస్తే చాలు, లోపలిది వదిలేయండి. మళ్ళీ పెరిగే దాకా చెవి లోపలి చర్మానికి వ్యాజలీన్ పలచగా రాయండి. తోక కూడా మడమ దాకా ఉండనివ్వండి. ఊరేగింపు రోజు పూలు చుట్టి ముడి వేస్తారు కదా, ఇంటికి రాగానే విప్పేయాలి. ముడి తోకతో రాత్రంతా కట్టేస్తే ఈగల ముందు చేతులు కట్టి కూర్చోబెట్టినట్టే. వీలైతే రెండు గుర్రాలనూ ఒకదాని తల దగ్గర రెండోదాని తోక ఉండేట్టు కట్టండి. బీడులో వదిలితే అవి తమంతట తామే అలా నిలబడతాయి, ఒకదాని ముఖానికి రెండోది విసనకర్ర.

వెల్లుల్లి కూడా ఆపండి. దాని వాసనకు ఈగలు పోతాయని చాలామంది చెబుతారు. రెండు రెబ్బలతో ఏం కాదు కానీ, పని చేయలేదని గుప్పెళ్ళు పెంచుకుంటూ పోతారు. ఎక్కువ మోతాదులో వెల్లుల్లి గుర్రం ఎర్ర రక్తకణాలను పాడుచేసి రక్తహీనత తెస్తుంది. వేపనూనె విషయంలో నేను అంత కఠినంగా ఉండను. కొబ్బరినూనెలో కొంచెమే కలిపి, ముందు మెడ పక్కన అరచేతంత మేర రాసి ఒక రోజు చూడండి. దద్దురు రాకపోతే సాయంత్రం జూలు మొదట్లో, పొట్ట కింద రాయవచ్చు. పగటి ఎండలో నూనె రాసి నిలబెట్టకండి, ముఖ్యంగా తెల్లదాన్ని. దాని చర్మం గులాబీ రంగులో ఉంటే ఎండకు కమిలిపోతుంది. కిరసనాయిలు, ఇంజన్ ఆయిలు, ఫినాయిలు గుర్రం ఒంటికి తగలకూడదు.

ఇప్పుడు ఆ కన్ను. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత, గుడ్డి గుర్రాన్ని ఊరేగింపుకు ఎవరు పిలుస్తారు చెప్పండి. నీరు రెండు కళ్ళ నుంచీ పల్చగా కారుతూ, గుర్రం కళ్ళు బాగానే తెరుస్తుంటే ఈగల చిరాకు అయ్యుండొచ్చు. కాచి చల్లార్చిన నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి పొద్దునా సాయంత్రం తుడవండి. ఒక్కో కంటికి వేరే గుడ్డ. కన్ను సగం మూసుకున్నా, నల్లగుడ్డు మీద పొగమంచు పట్టినట్టు తెల్లబడినా, ఒక్క కన్నే కారుతున్నా అదే రోజు వైద్యుడికి చూపించాలి. మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు తెచ్చి వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉండి, గుడ్డు మీద పుండు ఉందంటే కన్ను పోతుంది.

ఈగలు కళ్ళ మీద వాలకుండా నుదుటి పట్టీకి దారాల కుచ్చులు కట్టండి. కళ్ళ కిందికి వేలాడాలి, తల ఆడించినప్పుడల్లా అవే విసురుతాయి. పెళ్ళి సామాన్లలో ఇలాంటివి మీ దగ్గర ఉండే ఉంటాయి, కాకపోతే జరీవి కాకుండా నూలువి వాడండి, జరీ పోగు కంట్లో గుచ్చుకుంటుంది. ఇంకా గట్టి ఏర్పాటు కావాలంటే దర్జీ చేత జాలీ గుడ్డతో ముసుగు కుట్టించండి. కంటికి తగలకుండా బుట్టలా ఉబ్బెత్తుగా ఉండాలి, చూపు కనబడాలి, రోజుకొకసారి విప్పి కింద చూడాలి, రాత్రి తీసేయాలి. అదే జాలీతో కాళ్ళకూ గొట్టాల్లా కుట్టించి మోకాలి కింద తొడగవచ్చు. బిగించి కట్టవద్దు, నరాలు దెబ్బతింటాయి, రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. గోనెపట్టాలు కప్పడం చూశాను. ఈ ఎండలకు అది గుర్రాన్ని ఉడకబెట్టడమే.

ఊరేగింపులో కాలు విదిలించడం గుర్రం తప్పు కాదు. చెమట పట్టిన ఒళ్ళు, పక్కన ట్యూబులైట్ల వెలుగుకు మూగే పురుగులు, వీపు మీద మనిషి, చుట్టూ బ్యాండు. దాని దగ్గరున్న ఆయుధాలు మూడే, తోక, కాలు, చర్మం. గమనించారో లేదో, ఈగ వాలినచోట మాత్రమే చర్మం వణికిస్తుంది, మనం చేయలేని విద్య అది. జీను, వస్త్రం, నగలు కప్పేశాక ఆ చర్మం పనిచేయదు, తోక ముడి వేసి ఉంటుంది, మిగిలింది కాలు. బయలుదేరే ముందు స్నానం చేయించి పూర్తిగా ఆరనిచ్చి, మీ వైద్యుడు చెప్పిన ఈగల మందుతో కాళ్ళూ పొట్టా తుడవండి. తోక ముడి మానేసి రిబ్బనుతో సరిపెట్టండి. కళ్ళెం పట్టుకునే మనిషి చేతిలో చిన్న చామరం లాంటిది పెట్టండి, చూసేవాళ్ళకు రాజసంగానూ ఉంటుంది. తిరిగొచ్చాక జీను కింద ఉప్పు కడిగేయండి, రాత్రి ఎంతైనా సరే.

జీను ఒరుసుకుని పుండు ఉంటే మాత్రం ఈగల గురించి భయపడాల్సిందే. లద్దెలో ఉండే ఒక సన్నటి ఏలికపాము పిల్లలను ఈగ పిల్లలు మింగుతాయి, అవి ఈగలయ్యాక పుండు మీద వాలి ఆ పురుగును అక్కడ దింపుతాయి. కంటి మూల, పెదవి చివర, కాళ్ళ మీద గాయం మానకుండా పచ్చిగా ఉబ్బి, లోపల బియ్యపు నూకల్లాంటి పసుపు గట్టి పలుకులు కనబడితే అదే. ఎండలు తగ్గాక మానినట్టు కనిపించి మళ్ళీ ఏడాది అక్కడే లేస్తుంది. దీనికి ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది. గుర్రానికి దాన్ని నోటి పేస్టుగా, బరువును బట్టి ఇవ్వాలి. గేదెకు పొడిచే ఇంజెక్షన్ గుర్రానికి పొడిపించకండి, పొడిచినచోట ప్రమాదకరమైన చీము గడ్డలు వచ్చిన అనుభవాలున్నాయి. పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి కట్టడం మనకు తెలిసిందే. ఆకు వరకు నేను కాదనను, గింజల పొడి మాత్రం కంటికి దగ్గరగా ఉన్న పుండుకు వాడవద్దు, కన్ను కాలిపోతుంది. ముందరి కాళ్ళ వెంట్రుకలకు పసుపు రంగు చిన్న గుడ్లు అంటుకుని కనబడితే అవి ఇంకో ఈగవి. గుర్రం నాక్కుంటే కడుపులోకి పోతాయి. మొండి చాకుతో గీకేయండి.

గేదెల కొట్టం పక్కనే పాక అన్నారు. నాకు అన్నిటికన్నా కలత పెట్టింది అదే. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర, జబ్బుపడిన గుర్రాలూ ఒంటెల రక్తంలో ఈదుతున్న సూక్ష్మజీవిని చూశాడు. ఆ జబ్బు పేరు సర్రా. ఇప్పటికీ మన దేశంలో ఉంది. జోరీగ, కుట్టే ఈగ ఒక పశువు రక్తం తాగుతుండగా తోక దెబ్బ పడితే లేచి, మూతి తడి ఆరకముందే పక్క పశువు మీద వాలుతుంది. అలా అంటుకుంటుంది. గేదెల్లో ఇది చాలాసార్లు పైకి కనబడకుండా ఉండిపోతుంది. గుర్రానికి వస్తే వైద్యం లేకుండా బతకడం కష్టం. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, బాగానే తింటున్నా చిక్కిపోతుంది, కాళ్ళూ పొట్ట కింద నీరు దిగి వాస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, వెనక కాళ్ళు తూలుతాయి. వీటిలో రెండు కనబడినా జ్వరం ఉన్న రోజే రక్తం తీయించి పరీక్ష చేయించండి. వేళకు పట్టుకుంటే మందులున్నాయి. గుర్రాల పాకను గేదెలకు దూరంగా, స్థలం ఎంత ఒప్పుకుంటే అంత దూరంగా మార్చండి. అది ఈ ఏడాది కుదరకపోతే మధ్యలో దడి అయినా కట్టండి.

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే ఈగలు ఇప్పటికంటే రెట్టింపవుతాయి. అదృష్టం కొద్దీ ఆ వెనకే ఆషాఢం, పెళ్ళిళ్ళుండవు. పుండ్లు మాన్చుకోవడానికీ, పాక మార్చడానికీ ఆ నెల వాడుకోండి.

ఇక మీ అబ్బాయి దగ్గరికి. జోరీగలు రంగు గుర్రాన్నే పట్టడం మీ భ్రమ కాదు. నీటి మీదా, నల్లటి నిగనిగలాడే ఒంటి మీదా వెలుగు ఒక ప్రత్యేకమైన తీరులో తిరిగి మెరుస్తుంది. మన కంటికి తేడా తెలియదు, జోరీగ కంటికి తెలుస్తుంది, దానికి ఆకర్షణే అది. తెల్లటి ఒంటి మీద ఆ మెరుపు చాలా తక్కువ. హంగరీకి చెందిన గాబర్ హోర్వాత్ బృందం ఈ సంగతి తేల్చింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2016లో వాళ్ళకు వచ్చింది. అయితే ఆ తెలుపు మీ ఆడగుర్రాన్ని జోరీగల నుంచే కాపాడుతుంది. కాళ్ళ మీద కుట్టే ఈగకూ, సంధ్య దోమలకూ దాని తెలుపుతో నిమిత్తం లేదు.

చారల సంగతి కూడా పరీక్షించారు. టిమ్ కారో అనే శాస్త్రవేత్త, మరికొందరు కలిసి ఇంగ్లండులో గుర్రాలకు నల్ల కోటు, తెల్ల కోటు, జీబ్రా చారల కోటు మార్చి మార్చి తొడిగి లెక్కపెట్టారు. 2019లో ఆ ఫలితం అచ్చయింది. చారల కోటు దగ్గరికి కూడా జోరీగలు వచ్చాయి, కానీ దగ్గరికొచ్చాక వేగం తగ్గించుకోలేక తగిలి ఎగిరిపోయాయే తప్ప వాలింది చాలా తక్కువ. జపానులో ఇదే పని ఆవుల మీద రంగు వేసి చేశారు, కుట్టే ఈగల బాధ దాదాపు సగం తగ్గింది. వాళ్ళకూ 2025లో అదే ఇగ్ నోబెల్ ఇచ్చారు.

కాబట్టి మీ అబ్బాయి చేత గోధుమరంగుదానికి ఒక కోటు కుట్టించండి. పలచటి పాత తెల్ల దుప్పటి, దాని మీద మూడు వేళ్ళ వెడల్పున నల్ల గుడ్డ పట్టీలు. గుర్రం ఒంటికి నేరుగా రంగు మాత్రం పూయనివ్వకండి, గోడల పెయింటు అసలే వద్దు. కోటు మొదటిసారి వేసేటప్పుడు గుర్రం మచ్చికైనవాళ్ళు పక్కన ఉండి, ముందు వాసన చూడనిచ్చి, కాసేపు వీపు మీద ఉంచి తీసి, అలా రెండు మూడు రోజులు అలవాటు చేయాలి. ఆ ఇంగ్లండు ప్రయోగంలో ఇంకో విశేషం ఉంది. కోట్లు మెడ దాకానే తొడిగారు, తలలు వదిలేశారు. ఏ కోటు వేసినా తల మీద వాలిన ఈగల లెక్క మాత్రం మారలేదు. అందుకని చారలు కుట్టించినా నుదుటి కుచ్చులు తీసేయకండి.